ఒకే మబ్బు కింద నలభై మంది

మీ ఇంట్లో గోడమీద పెద్దాయన ఫోటో ఉండి, ఆయన వెనక నీలాకాశం, తెల్లమబ్బులు, పైనుంచి దిగే కిరణాలు ఉంటే ఒకసారి దగ్గరికెళ్లి చూడండి. ఆ ఆకాశం నేను వేసిందే. తొంభైల చివర నుంచి పదేళ్లకు పైగా కృష్ణా జిల్లా మొత్తానికి ఆకాశం సరఫరా చేసినవాణ్ని నేనొక్కణ్నే.

సరే, జిల్లా మొత్తానికి కాదు. భవానీపురంలో ఒక ఫోటో స్టూడియో, దానికి వచ్చే గిరాకీ, పండగలప్పుడు నాలుగు ఫ్లెక్సీ పనులు. అంతే. కానీ అక్కడి ఆకాశాలన్నీ నా చేతిమీదుగా వెళ్లినవే అన్నది నిజం.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు పలకలాంటిదాని మీద పెన్నుతో గీస్తున్నారు. మబ్బులు వేసే బ్రష్షులు తయారుగా దొరుకుతున్నాయి. వీళ్లకు నేను చెప్పేదేముంది అనుకుని ఊరుకున్నాను. మొన్న ఒకమ్మాయి వచ్చి, "మాస్టారూ, మీ గొప్పలు తర్వాత వింటాం గానీ, మీరు చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పండి" అంది. పెంకి పిల్ల. అడిగింది కాబట్టి రాస్తున్నాను. నా ఆకాశం ఒకదాని వల్ల ఒక మంచివాడి పెళ్లి చెడిపోబోయింది. ఆ కథ చెప్పాలంటే ముందు కొంచెం పని గురించి చెప్పాలి.

గుడ్డ మీద నుంచి గాజు మీదికి

కంప్యూటర్ రాకముందు నేను స్టూడియోల్లో వెనక కట్టే తెరలు వేసేవాణ్ని. పది అడుగుల గుడ్డ, డిస్టెంపరు రంగులు, చీపురంత బ్రష్షు. రాత్రి ఆకాశం కావాలంటే తెరంతా ముదురు నీలం కొట్టి, పళ్లుతోముకునే బ్రష్షును తెల్లరంగులో ముంచి, బొటనవేలితో వెనక్కి లాగి వదిలేవాణ్ని. చిటికెలో వెయ్యి నక్షత్రాలు. కొన్ని నా చొక్కా మీద కూడా ఉదయించేవి.

ఒకరోజు మా ఓనరు ఖాదర్ గారు ఒక కంప్యూటర్ తెచ్చి బల్లమీద పెట్టించి, "ఆర్టిస్టూ, ఇకనుంచి తెర ఇదే. నేర్చుకో" అన్నారు. అప్పటికి నాకు నలభై ఐదు దాటాయి. వారం రోజుల్లో నేర్చేసుకున్నాను.

వారం కాదు, మూడు నెలలు. మొదటి రోజు తెరమీద బాణం గుర్తు పైకి వెళ్లాలని మౌసును గాల్లోకి ఎత్తాను. ఖాదర్ గారు చూశారు. టీ తాగొస్తానని బయటికెళ్లి అక్కడ నవ్వుకున్నారు. మౌసుతో బొమ్మ వేయడమంటే సబ్బుబిళ్ల పట్టుకుని ముగ్గు పెట్టడం. కానీ అలవాటయ్యాక దాని సుఖం దానిదే. రంగు ఆరే దాకా ఆగక్కర్లేదు. తప్పు చేస్తే వెనక్కి వెళ్లొచ్చు. ఆ వెనక్కి వెళ్లే సౌకర్యమే మనిషిని చెడగొడుతుందని తర్వాత తెలిసింది.

ఒక క్రిస్మస్‌కి చర్చివాళ్లు పెద్ద బ్యానరు అడిగితే, మొత్తం ఆకాశంలో ప్రతి నక్షత్రాన్నీ ఒక్కొక్కటిగా నా చేత్తో పెట్టాను. వాళ్లకు అలాగే చెప్పాను, పాస్టరు గారు నా చేతులు పట్టుకుని ప్రార్థన కూడా చేశారు. నిజానికి పావువంతు ఆకాశమే చేత్తో చేశాను. మిగతా మూడు పావులూ అదే ముక్కను తిప్పి తిప్పి అతికించాను. ఆ పావువంతు పెట్టేటప్పుడు మాత్రం ఒకటి నేర్చుకున్నాను. చుక్కలు ఇడ్లీ రేకులో గుంటల్లా సమానంగా ఉండవు. పెళ్లి భోజనాల దగ్గర జనంలా ఉంటాయి, ఒకచోట తోపులాట, ఒకచోట ఖాళీ కుర్చీలు. ఆ ఖాళీలు వదలడం చేతకానివాడు నక్షత్రాల జోలికి పోకూడదు.

ముందు ముక్కు చూడు

ఖాదర్ గారు నాకంటే ఐదేళ్లు పెద్ద. బొమ్మ గియ్యడం రాదు, కానీ వెలుగు చూడటం వచ్చు. ఆయన చెప్పిన సూత్రం ఒకటే: "ముందు ముక్కు చూడవయ్యా, తర్వాత మబ్బు."

అంటే, ఫోటోలో మనిషి ముక్కునీడ ఎటు పడిందో చూస్తే స్టూడియో లైటు ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది. వెనక మనం పెట్టే ఆకాశంలోనూ వెలుగు అటునుంచే రావాలి. ముఖానికి ఎండ ఎడమనుంచి, మబ్బుకు కుడినుంచి తగిలితే చూసేవాడికి ఎందుకో తెలియకుండానే మనిషి అతికించినట్టు కనబడతాడు.

దానికి నేను కనిపెట్టిన మందు ఆకాశాన్ని అద్దంలోలా తిరగెయ్యడం. ఒక్క నొక్కు. ఎడమ కుడి అవుతుంది. ఈ అలవాటుతోనే ఒకసారి రంజాన్ శుభాకాంక్షల బ్యానరులో అక్షరాలకు చోటు కోసం నెలవంకను కూడా తిరగేశాను. ఖాదర్ గారు చూశారు.

"ఇదేం చంద్రుడు?"

"పండగ చంద్రుడేనండీ."

"పండగ చంద్రుణ్ని ఎప్పుడైనా చూశావా?"

"చూడకపోవడమేంటండీ, ఏటా చూస్తాను."

"ఏటా సెమియా పాయసం చూస్తావు. చంద్రుణ్ని కాదు. సూర్యుడు దిగిన వైపు వెలుగుండాలి, కుడిపక్క, కిందికి. ఇది తెల్లారుజామున కనబడేది, నెల అయిపోయేటప్పటిది. దీన్ని కట్టారంటే మా పెద్దోళ్లు మళ్లీ ఉపవాసం మొదలెట్టమంటారు!"

మార్చాను. సిగ్గేసింది, కానీ తిరగేసే అలవాటు పోలేదు.

పదకొండు ఆకాశాలు

వేల ఆకాశాలు వేశానని పైన అన్నట్టు మీకు అనిపించి ఉంటుంది. అనిపించాలనే రాశాను. నా దగ్గర ఉన్నవి మొత్తం పదకొండు. పెళ్లికి మూడు, పుట్టినరోజుకి రెండు, లీడర్లకి ఒకటి, రాత్రులు రెండు, చనిపోయినవాళ్లకి మూడు. ఆ చివరి మూడింటినీ 'పరలోకం ఒకటి, రెండు, మూడు' అని పేర్లు పెట్టి దాచుకున్నాను. వచ్చిన ఫోటోని బట్టి రంగు మార్చడం, తిరగెయ్యడం, కిరణాలు తగిలించడం. గిరాకీకి మాత్రం, "ఇది మీకోసమే ప్రత్యేకంగా వేశానండీ" అనేవాణ్ని. పెళ్లివాళ్లతో అంటే పరవాలేదు, నవ్వి ఊరుకుంటారు. దుఃఖంలో ఉన్నవాళ్లతో అనకూడదు. వాళ్లు నమ్ముతారు.

కంకిపాడు నుంచి ఎస్తేరమ్మ గారని ఒక పెద్దావిడ వచ్చింది. భర్త దానియేలు గారు వరికోతల మేస్త్రి, అంటే కోతలకు కూలీల జట్టును తీసుకెళ్లే మనిషి. అంతకు నెల ముందే పోయారు. ఆయన జ్ఞాపకార్థ కూడికకు ఫోటో కావాలి. నేను 'పరలోకం రెండు' పెట్టాను. అందులో ఎడమపక్క ఒక పెద్దమబ్బు, పడుకున్న దూడలా ఉంటుంది, వీపు మీద చిన్న తెల్లతునక. ఆవిడ చూసి కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఈ మబ్బు ఇంకెవరికన్నా వేశావా నాయనా?"

"లేదమ్మా. మీ ఆయన ముఖం చూశాక తట్టింది. ఇంకెవరికీ వెయ్యను."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు కూడా వణికింది. అంత బాగా అబద్ధమాడాను.

"నేను చచ్చిపోయానంటండీ!"

నాలుగేళ్లు గడిచాయి. ఆటోనగర్‌లో లేతు మెషిన్ మీద పనిచేసే రత్నరాజు పెళ్లిచూపులకు పంపే ఫోటో కోసం వచ్చాడు. ముప్పైనాలుగేళ్లు. నెమ్మదస్తుడు. అప్పటికి రెండు సంబంధాలు ఫోటో దగ్గరే ఆగిపోయాయట. "ఈసారి కంకిపాడు సంబంధమండీ, అమ్మాయి స్కూల్లో టీచరు. మా అక్కకి చాలా ఇష్టంగా ఉంది. నాక్కూడా" అని, ఆ చివరిమాటకి తానే తల దించుకున్నాడు. స్టూడియో కోటు తొడిగాం. అది అందరికీ సరిపోయే కోటు, ఎందుకంటే వెనక క్లిప్పులు పెడతాం.

మధ్యాహ్నం కరెంటు కోతకు పది నిమిషాలుంది. కంప్యూటర్లో పొద్దున చేసిన పని తెరిచే ఉంది, 'పరలోకం రెండు'. పెళ్లి ఆకాశం వెతికి తెరిచేలోపు కరెంటు పోతుంది. కిరణాలు తీసేశాను. కాస్త గులాబీ రంగు కలిపాను. కిరణాలు తీసేస్తే పరలోకం కాస్తా సాయంత్రమైపోతుంది, ఇది నా చిట్కా. ప్రింటు తీసి ఇచ్చేశాను.

వారం తిరక్కుండా రత్నరాజు స్టూడియో మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆర్టిస్టు గారూ, నేను చచ్చిపోయానంటండీ!"

"ఎవరన్నారయ్యా?"

"అమ్మాయివాళ్ల నాయనమ్మ గారండీ. మా అక్క ఫోటో ఇవ్వగానే చూసి, లేచి గోడమీద వాళ్లాయన ఫోటో పక్కన పెట్టి చూసిందంట. 'మా ఆయన పరలోకంలో ఈ కుర్రాడెవడే?' అందంట. చచ్చిపోయినోళ్ల ఫోటోలో నిలబడ్డవాడికి పిల్లనివ్వనని చెప్పి పంపేసిందండీ."

నాకు వెంటనే అర్థమైంది. ఎస్తేరమ్మ గారి మనవరాలే ఆ అమ్మాయి. అర్థం కానట్టు ముఖం పెట్టాను. "మబ్బులన్నాక ఒకదానిలా ఒకటి ఉంటాయి బాబూ."

లోపలినుంచి ఖాదర్ గారు వచ్చారు. "ఉంటాయా ఆర్టిస్టూ? వీపుమీద తునకతో సహా ఉంటాయా?" అన్నారు. రత్నరాజు వైపు తిరిగి, "బాబూ, రేపు ఈయన కంకిపాడు వస్తాడు. నువ్వు బస్సెక్కించి తీసుకెళ్లు" అన్నారు.

"నేనెందుకండీ? వేరే ఫోటో చేసి పంపుదాం."

"ఫోటో మారిస్తే ఆవిడ భయం మారుతుందా? అబద్ధం ఆర్డరు నువ్వు తీసుకున్నావు, నిజం డెలివరీ కూడా నువ్వే ఇచ్చి రా."

ఖాదర్ గారి దగ్గర ఇరవై ఏళ్లు చేశాను. ఆయన నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. అది కూడా తిట్టినట్టు లేదు.

ఎస్తేరమ్మ గారి వాకిలి

ఇల్లు కాలవగట్టు పక్కన, ఎదురుగా వరిచేలు. రత్నరాజు రోడ్డుమీద టీ బంకు దగ్గరే ఆగిపోయాడు, రాకూడదు కాబట్టి. నేను లోపలికెళ్లాను. ఎస్తేరమ్మ గారు మంచంమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"వందనాలమ్మా."

తలెత్తి చూసింది. "గుర్తుపట్టాను. ముసలోడివయ్యావు. రా, ఆ కుర్చీ లాక్కో. ఆ రోజు నాకేం చెప్పావో అది చెప్పు ముందు."

బస్సులో ఒక ఉపన్యాసం తయారుచేసుకొచ్చాను. కళాకారుడి మనసులో ఉన్న ఆకాశం ఒకటే కాబట్టి అది మళ్లీ మళ్లీ పైకి వస్తుంటుందని, అందులో దైవసంకల్పం ఉందని. రెండు వాక్యాలు అయ్యాయో లేదో ఆవిడ చెయ్యెత్తింది.

"మా ఆయన కూడా కూలోళ్ల దగ్గరికి ఆలస్యంగా వెళ్లిన రోజు ఇలాగే మాట్లాడేవోడు. ఇది అదే మబ్బా, కాదా?"

"అదేనమ్మా."

"ఎంతమందికి వేశావు?"

"ఓ పదిమందికి..."

ఆవిడ గింజ తీయడం ఆపి చూసింది.

"నలభై దాకా ఉంటారమ్మా. అందులో చనిపోనివాడు ఆ అబ్బాయి ఒక్కడే. తప్పు నాది. కరెంటు పోతుందని తొందరపడ్డాను. అతనికి ఏ దోషమూ లేదు."

లోపల గుమ్మం దగ్గర మనవరాలు సునీత నిలబడి వింటోంది. నేను కాళ్లవైపు చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఎస్తేరమ్మ గారు అంది, "నలభై మందా? పోన్లే. ఒంటరిగా ఉన్నాడేమో అనుకునేదాన్ని. జట్టు దొరికింది. మేస్త్రీకి జట్టు లేకపోతే తోచదు."

నవ్వాలో వద్దో తెలియలేదు. నేను నవ్వేలోపే ఆవిడ ముఖం మళ్లీ గట్టిపడింది.

"అయినా నువ్వు నా దగ్గర మాట తప్పావు. ఆయనకి ఇంకో ఆకాశం వెయ్యి. ఈసారి నిజంగా ఆయనకే. అది చూశాక ఆ పిల్లోడి సంగతి మాట్లాడదాం. అప్పటిదాకా నా నోటితో సరే అనను."

"తప్పకుండానమ్మా. రేపే వెళ్లి..."

"రేపు కాదు, ఇయ్యాల. నాలుగింటికి ఈ వాకిట్లో నిలబడి తూర్పు, పడమర చూసేవోడు. మబ్బు చూసి రేపు కోత పెట్టాలో వద్దో చెప్పేవోడు. నువ్వూ చూడు. చూసి పోయి వెయ్యి."

సునీత మజ్జిగ, స్కూలు నోటుబుక్కులోంచి చింపిన నాలుగు కాగితాలు, పెన్సిలు ఇచ్చింది. ఇస్తూ మెల్లగా అడిగింది. "ఆ అబ్బాయి ఫోటోలో కోటు ఆయనదేనాండీ?"

"కాదమ్మా, స్టూడియోది."

"అనుకున్నాను. భుజాలు ఆయనవి, కోటు ఎవరిదో. నాయనమ్మ ఫోటో తిరిగి పంపెయ్యమంది, నేను హాజరు పట్టీలో దాచాను. మీరు మాత్రం చక్కగా చూసి వెయ్యండి."

అప్పుడు గాని నాకు నిజంగా భయం పట్టలేదు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజులు. ఆ వాకిట్లో రెండు గంటలు కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా ఆకాశాలు వేస్తున్నవాణ్ని, అంతసేపు ఆకాశం చూడటం అదే మొదటిసారి. ఇది పెంచి చెప్పడం కాదు.

మబ్బుల అడుగులు కత్తిపీటతో కోసినట్టు ఒకే మట్టంలో ఉన్నాయి. నేను అన్నిటికీ కిందా పైనా దూదే పెట్టేవాణ్ని. దగ్గరి మబ్బులు పెద్దవిగా విడివిడిగా, దూరంవి చిన్నవిగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. నేను అన్నీ ఒకే సైజులో వేసేవాణ్ని. పైన నీలం కిందికి దిగేకొద్దీ పాలు కలిపినట్టు తెల్లబడి, చేల చివర దుమ్మురంగులో కలిసిపోయింది. నేను పైనుంచి కిందిదాకా ఒకే నీలం పోసేవాణ్ని. చేలమీద ఉన్న మబ్బుల కడుపులు కొంచెం పచ్చగా కూడా అనిపించాయి. నా భ్రమ కావచ్చు. అయినా రాసుకున్నాను.

బతికున్నవాడి ఆకాశం

వెళ్లి వారం రోజులు ఆ ఆకాశం వేశాను. ఏ పాత ఫైలూ తెరవలేదు. ఒక్క ముక్క కూడా అతికించలేదు, తిరగెయ్యలేదు. దానియేలు గారిని అందులో నిలబెట్టి, ప్రింటు తీసుకుని కంకిపాడు వెళ్లాను. నా జన్మలో అంత మంచి పని చేయలేదు. బస్సులో పక్కన కూర్చున్నాయనకి విప్పి చూపించాను కూడా.

ఎస్తేరమ్మ గారు వెలుగులోకి తీసుకెళ్లి చూసింది. దూరం పెట్టి చూసింది. "ఇది మన వాకిలే" అంది. ఆ తర్వాత చుట్టి నా చేతికిచ్చేసింది.

"బాగుంది. ఆయనకొద్దు."

నా ప్రాణం ఉసూరుమంది. "ఏం తక్కువైందమ్మా?"

"తక్కువేం లేదు. నాలుగేళ్లు ఆ దూడకింద కూర్చుని ప్రార్థన చేసుకున్నాను. ఆయన అక్కడున్నాడని అలవాటైపోయింది. ఇప్పుడు మారిస్తే మళ్లీ ఎక్కడ వెతుక్కోను? అది అబద్ధపు మబ్బే అనుకో, నా ప్రార్థన అబద్ధం కాదుగా. అది అలా ఉండనీ. ఇంకెవరికీ మాత్రం వెయ్యకు." కాస్త ఆగి, "దీన్ని ఆ పిల్లోడికి పెట్టు. బతికున్నోడు బతికున్న ఆకాశంలో ఉండాలి. పెట్టి పట్రా, చూస్తాను" అంది.

గుమ్మంలో సునీత లోపలికి వెళ్లిపోయింది. లోపల ఏదో గిన్నె కింద పడింది.

నిజం చెబుతున్నాను, నాకు ముందు కోపం వచ్చింది. నా జన్మకంతటికీ మంచి పని గోడమీదికి ఎక్కలేదని. ఉయ్యూరు రోడ్డుమీద బస్సు కోసం నిలబడ్డాక గాని ఆవిడ సరే అన్న సంగతి నాకు ఎక్కలేదు.

తర్వాత ముక్కు అడ్డం వచ్చింది. రత్నరాజు పాత ఫోటోలో నీడ ఒకవైపు, కంకిపాడు ఆకాశంలో వెలుగు ఇంకోవైపు. ఒక్క నొక్కుతో తిరగెయ్యొచ్చు. వేలు అక్కడిదాకా వెళ్లింది కూడా. వెళ్లి ఖాదర్ గారికి చెప్పాను.

"ఆకాశాన్ని తిప్పకు. మనిషిని తిప్పు" అన్నారాయన.

నాలుగింటికి రత్నరాజును మేడమీదికి పిలిచాం. కోటు లేదు. తన నీలం చొక్కా. ఎండ ఎటు ఉండాలో అటు నిలబెట్టాం. గోళ్లలో నూనె నలుపు పోదని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"చేతులు ముందుకు పెట్టు బాబూ," అన్నారు ఖాదర్ గారు. "ఆ అమ్మాయి వాటిని కూడా చేసుకుంటోంది."

ఆ ఫోటో వెళ్లింది. మూడోరోజు రత్నరాజు అక్క స్వీట్లు పట్టుకుని వచ్చింది. దూడమబ్బు ఉన్న ఫైలును ఆ రోజే చెరిపేశాను. చెరిపి రెండుసార్లు చెత్తబుట్టలోంచి వెనక్కి తీసుకున్నాను. మూడోసారి బుట్ట కూడా ఖాళీ చేశాను.

పెళ్లి వేసవిలో, కంకిపాడు చర్చిలో జరిగింది. ఫోటోలు ఖాదర్ గారే తీశారు, ఆల్బమ్ నేను చేశాను. చర్చి బయట ఇద్దరూ నిలబడ్డ ఫోటోలో వెనక ఆకాశం ఉత్త తెలుపు, ఒక్క మబ్బు లేదు. సునీతను అడిగాను, "రెండు మబ్బులు వెయ్యనామ్మా, నిండుగా ఉంటుంది?"

"వద్దండీ. ఆ రోజు లేవుగా."

అలాగే వదిలేశాను. నా చెయ్యి పడని ఆకాశం నేను చేసిన ఆల్బములన్నిటిలో అదొక్కటే.

అది కూడా పూర్తి నిజం కాదు. పైన కుడిమూల ఒక కరెంటు తీగ వేలాడుతుంటే తీసేశాను. సునీతకి ఇప్పటికీ తెలియదు.